అత్తగారి ఫోన్‌కు వచ్చిన ఆరంకెలు

ఆదివారం పొద్దున్నే తన ఇంటర్నెట్ ఖాతాకు గట్టి తాళం వేసేసి, మధ్యాహ్నం అత్తగారి పుట్టినరోజు విందుకు తీరిగ్గా వెళ్లాలనుకున్నాడు మెరీదా పట్నంలో ఒక బడిలో భూగోళం చెప్పే ఫుల్హెన్సియో మాస్టారు. పోయిన మామగారు పాడిన పాట వీడియో ఆ ఖాతాలోనే ఉంది. దాన్ని విందులో వేసి అత్తగారిని ఆశ్చర్యపరచాలని ఆయన ముచ్చట.

బడిలో ఇంటర్నెట్ మోసాల మీద ఉపన్యాసం విన్నప్పటి నుంచీ మాస్టారికి కంటిమీద కునుకు లేదు. "నా పేరు చెప్పి ఎవరు అంకెలడిగినా చెప్పకండి. ఏడ్చినా సరే, నా గొంతే, నా మొహమే అయినా సరే" అని చుట్టాలందరికీ కబురు పెట్టాడు.

పాస్‌వర్డు మార్చాడు. అది బలహీనంగా తోచి మళ్లీ మార్చాడు. ఈసారి ఎంత బలంగా కుదిరిందంటే తనకే గుర్తు లేదు. తోచినవన్నీ కొట్టి చూసేసరికి ఖాతా కంపెనీకి అనుమానమొచ్చి తలుపు మూసేసింది. ఫోన్‌కు పంపిన ఆరంకెలు చెబితేనే తీస్తానంది. ఆ ఫోన్ అత్తగారిది. కంపెనీలను నమ్మరాదని, అప్పట్లో తన నంబరు దాచుకుని ఆవిడ నంబరిచ్చిన తెలివి మాస్టారిదే.

"అత్తయ్యగారూ, మీకు ఆరంకెలొచ్చాయి, కాస్త చదవండి."

"ఎవరు నువ్వు?"

"నేనే, ఫుల్హెన్సియోని!"

"అచ్చం మా అల్లుడి గొంతే! ఎంత బాగా నేర్చావురా దొంగ వెధవా!" అత్తగారు డోన్యా రెఫూహియో ఫోన్ పెట్టేసింది.

భార్య నిన్ఫా చేత ఫోన్ చేయించాడు. "మా అమ్మాయి గొంతు కూడా ఎత్తుకుపోయారూ!" అని అవతల కేక.

"ఇన్నేళ్లలో అమ్మ మీ మాట వినడం ఇదే మొదలండీ. సంతోషించండి," అంది నిన్ఫా.

మాస్టారికి ఒళ్లు మండింది. కంపెనీని దులిపేస్తూ, అందరూ చూసే సహాయం పేజీలో తన పేరు, అత్తగారి నంబరు, పుట్టినరోజు, మామగారి పాట సంగతి పూసగుచ్చినట్టు రాసి, అత్తగారింటికి పరుగెత్తాడు.

ఆవిడ గేటు తీయలేదు. "మొహాలు కూడా తయారుచేస్తారని మా అల్లుడు ముందే చెప్పాడుగా. మా అల్లుడివైతే చెప్పు, మీ పెళ్లిలో నేను వండిన పందిమాంసం గురించి ఏమన్నావు?"

ఎదురింటివాళ్లు కుర్చీలు బయట వేసుకున్నారు.

"అమోఘంగా ఉందన్నాను."

"దొంగ! దొంగ!"

"పాత చెప్పు అట్టలా ఉందన్నాను," అని మాస్టారు తలొంచుకున్నాడు.

"ఆఁ, వీడే." గేటు తెరుచుకుంది.

"ఇప్పుడైనా ఆ అంకెలు చెప్పండి!"

"ఇంకెక్కడివి? కంపెనీ అబ్బాయట, నువ్వు రాసింది చూసి ఇందాకే ఫోన్ చేశాడు. చెప్పేశాను. ముందు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాడు. నువ్వింకా చెప్పనేలేదు. పైగా మీ మామయ్య పాట కూడా పంపాడు, ఇదిగో!"

ఫోన్‌లో మామగారు కమ్మగా పాడుతున్నాడు. ఆవిడ చేతిరుమాలుతో కళ్లొత్తుకుంది. మాస్టారు అరుగు మీద కూలబడ్డాడు.

సాయంత్రానికల్లా, కంపెనీ అబ్బాయినని చెప్పిన ఆ దొంగ మాస్టారి ఖాతాలోంచి ఆయన పేరుతో చుట్టాలందరికీ రాశాడు. ఒకరి మోకాళ్ల నొప్పులడిగాడు, ఇంకొకరి వంటను పొగిడాడు, ఆపైన మెల్లిగా బ్యాంకు అంకెలడిగాడు. మాస్టారి హెచ్చరిక పుణ్యమా అని అంకెలైతే ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఖాతా తిరిగి చేతికొచ్చింది. ఆ మధ్య రాసినాయన ఇక రాయడా అని చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు.