నీలం డబ్బానా, ఎర్ర డబ్బానా?

మా ఆవిడ పుస్తకాలకు పేజీలు కట్టే పని చేస్తుంది. రచయితలు రాసి పడేసిందంతా టైపు చేసి, తప్పులు దిద్ది, పేజీల్లో కుదురుగా కూర్చి ప్రెస్సుకు పంపాలి. అదంతా మా ఇంట్లో కంప్యూటర్ మీదే. ఆమధ్య నాలుగు వందల పేజీల పుస్తకమొకటి ఒప్పుకుంది. కంప్యూటర్ మాత్రం ఒప్పుకోలేదు. పేజీ తిప్పమంటే ఆలోచించి, ఇంకాస్త ఆలోచించి, చివరికి తెల్లమొహం వేసేది.

"మెమరీ చాలడం లేదండీ. ఇంకా మూడు వారాలే ఉంది. మూడో శనివారం సాయంత్రం ఐదింటికల్లా పుస్తకం ప్రెస్సులో ఉండాలి. లేదంటే వాళ్ళు నాకు ఇంకో పని ఇవ్వరు. మా తమ్ముణ్ణి రమ్మంటాను," అంది.

ఆ తమ్ముడు లిఫ్టు మెకానిక్. ఇంట్లో అందరం స్క్రూడ్రైవర్ అంటాం. మా ఇంట్లో బల్బు మార్చినా సరే, బంధువులందరికీ ఫోన్లు చేసి చెబుతాడు. "బావగారికి హోల్డర్ అందలేదు పాపం" అని ఆర్నెల్లు చెప్పుకున్నాడు.

"వాడెందుకు? నేను లేనూ?"

"ఉన్నారనేగా వాణ్ణి పిలుస్తానంటున్నాను."

అభిమానం పొడుచుకొచ్చింది. మెమరీ నేనే కొని, నేనే వేస్తానని మాటిచ్చేశాను.

మీరే చెప్పండి, కొట్టుకెళ్ళి కొనెయ్యడం ఎవడైనా చేస్తాడు. నేను పరిశీలన మొదలుపెట్టాను. రోజూ ఆఫీసు నుంచి రాగానే ఆవిణ్ణి కుర్చీలోంచి లేపి అదే కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. పదకొండు కంపెనీలు తేలాయి. పెద్ద కాగితం మీద పట్టిక గీసి గోడకు అంటించాను.

మా ఆఫీసు క్యాషియర్ ఓటు నీలం డబ్బాలో వచ్చే కంపెనీకి. "కళ్ళు మూసుకుని కొనండి. జీవితకాలం గ్యారంటీ," అన్నాడు.

"ఎవరి జీవితకాలం? నాదా, దానిదా, కంపెనీదా?" అన్నాను. ఆ అనుమానంతో ఆయన ఆ పూట భోజనం సరిగ్గా చెయ్యలేదు.

మా వీధి పళ్ళ డాక్టరు ఎర్ర డబ్బా వైపు. దానికి రంగురంగుల దీపాలుంటాయట. "మూత వేశాక ఎవరు చూస్తారండీ?" అన్నాను, ఆయన చెయ్యి నా నోట్లో ఉండగానే. ఆయనకేం వినిపించిందో గానీ, ఇంకో పన్ను కూడా పుచ్చిందన్నాడు.

మొదటి వారం మా ఆవిడ రోజూ అడిగింది. "ఎక్కడిదాకా వచ్చింది?"

"నాలుగు మిగిలాయి. తొందరపడకు."

రెండో వారం నుంచి అడగడం మానేసింది. నా మీద గురి కుదిరిందని సంబరపడ్డాను.

గడువు శనివారం రానే వచ్చింది. ఆ మధ్యాహ్నం నీలం డబ్బా ఖాయం చేసి షాపుకు వెళ్ళాను. "మీ కంప్యూటర్‌కి ఏ రకం పడుతుందండీ?" అన్నాడు షాపతను.

"అన్నిటికంటే మంచి రకం," అన్నాను. అతను నా మొహం ఒకసారి చూసి ఇచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి నాలుగు. "పుస్తకం అయిపోయింది. స్నానం చేసి వచ్చి పంపించేస్తాను," అని ఆవిడ తలుపేసుకుంది. ఆ కాస్తలో వేసేసి ఆశ్చర్యపరుద్దామని స్విచ్చి ఆపి, కంప్యూటర్ డబ్బా విప్పాను.

లోపల ఉన్న రెండు అరల్లోనూ రెండు మెమరీ ముక్కలు ఉన్నాయి. ఒకటి పీకి కొత్తది పెట్టాను. దిగలేదు. తిప్పి పెట్టాను. దిగలేదు. తేరిపార చూస్తే దీని గాడి ఒకచోట, అరలో గట్టు ఇంకోచోట ఉన్నాయి. రకం వేరు! పదకొండు కంపెనీలు చూశాను గానీ, నా కంప్యూటర్‌కి ఏది పడుతుందో చూడలేదు.

గబగబా పాతది మళ్ళీ పెట్టేసి స్విచ్చి వేశాను. తెర నల్లగా ఉండిపోయింది. డబ్బా కీక్ కీక్‌మని అరవడం మొదలెట్టింది.

"ఏమండీ, ఏమిటా చప్పుడు?" అంది స్నానాల గదిలోంచి.

"పక్కింటివాళ్ళ కారు!"

"పక్కింటివాళ్ళకి కారేదీ?"

తలకు తువ్వాలు చుట్టుకుని పరుగున వచ్చింది. నల్లటి తెర చూసింది. గడియారం చూసింది. నాలుగున్నర.

"నా పుస్తకం అందులో ఉందండీ," అంది. నాకు నిజంగా భయమేసింది, సిగ్గేసింది.

"పోనీ, మీ తమ్ముణ్ణి పిలు," అన్నాను. పెళ్ళయ్యాక నా నోట ఆ మాట రావడం అదే మొదలు.

"తప్పుకోండి."

స్విచ్చి ఆపి, వైరు ఊడదీసి, నేను సగం దించిన ముక్కను రెండు చివరలా బొటనవేళ్ళతో నొక్కింది. టక్, టక్. మళ్ళీ వైరు పెట్టింది. తెర వెలిగింది. పుస్తకం ఎక్కడికీ పోలేదు. ఐదుకు పది నిమిషాలుందనగా పుస్తకం ప్రెస్సుకు వెళ్ళిపోయింది.

"ఇదంతా నీకెలా వచ్చు?"

"ఏముందిందులో? రెండు వారాల కిందట పాత ముక్క పీకి పట్టుకెళ్ళి, ఇలాంటిదే ఇంకోటి ఇమ్మన్నాను. ఇచ్చాడు. తెచ్చి రెండూ పెట్టాను."

"ఏ కంపెనీది?"

"అడగలేదు."

రెండు వారాలుగా నేను ఇంటర్నెట్లో నలభై పేజీలు ఒకేసారి తెరిచి కంపెనీల్ని పోల్చింది ఆ ముక్క పుణ్యాన. కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు, నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు.

"మరి చెప్పలేదేం?"

"చెబితే అది మంచి కంపెనీయో కాదో ఇంకో నెల చూసేవారు. నా పుస్తకం ఆగిపోయేది."

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. స్క్రూడ్రైవర్. నాకివ్వమన్నాడట.

"బావగారూ! మెమరీ మీరే వేశారటగా! అక్క ఎప్పుడో చెప్పింది. నేను మనవాళ్ళందరికీ చెప్పేశాను. మా ఇంట్లోదీ నత్తలా నడుస్తోంది. రేపు పొద్దున్నే పట్టుకొస్తాను. మీ చేత్తోనే వెయ్యాలి, నేను పక్కన నిలబడి నేర్చుకుంటాను."

మా ఆవిడ వైపు చూశాను. తల తుడుచుకుంటూ, కిటికీలోంచి ఏదో చాలా ముఖ్యమైనది చూస్తోంది.

"దానికేం, తీసుకురా," అన్నాను. ఇంకేమనను?

ఫోను పెట్టేశాను. ఆవిడ కంప్యూటర్ వైరు మళ్ళీ ఊడదీసి, డబ్బాను నా వైపు తిప్పి, కుర్చీ లాగింది.

"కూర్చోండి. ముందు గాడి ఎటుందో చూడాలి."