పసుపంటిన స్ట్రిప్పులు

పొద్దున్నే స్ట్రిప్పులు ప్రింటు చేసి, మధ్యాహ్నానికి అల్లవరం దగ్గర పల్లంరాజు గారి రొయ్యల చెరువులో ముంచి చూపించాలి. అవి సరిగ్గా చెబితే ప్రొఫెసర్ సుధాకర్ గారు థీసిస్ మీద సంతకం పెడతారు. ఆశాజ్యోతి ఆ రోజుకు అనుకున్నది ఇంతే. చుట్టాల పెళ్ళిళ్ళన్నీ మానుకుని ఆమె తయారుచేసింది ఒక సిరా. అందులో రొయ్యలకొచ్చే తెల్లమచ్చ తెగులును పట్టే ప్రొటీన్ ఉంటుంది. ప్రింటర్‌తో కాగితం మీద గీతలా కొడితే ప్రొటీన్ అక్కడే అతుక్కుంటుంది. తెగులున్న నీళ్ళు తగిలితే ఆ గీత ఎర్రబడుతుంది.

ప్రింటర్ కొత్తది. పూజ లేకుండా కొత్త మెషీన్‌కి స్విచ్ వేయడం సుధాకర్ గారి ఇంటావంటా లేదు. అటెండర్ బేబి భక్తి కొద్దీ మూతకే కాక, కాగితాలు పెట్టే అర లోపల కూడా పసుపు దట్టించింది.

"సార్, లోపల పసుపు వద్దండి," అంది ఆశాజ్యోతి.

"మీ చర్చి వాళ్ళకి ఇవన్నీ పడవని తెలుసులేమ్మా. మా నమ్మకం మాది," అన్నారాయన నవ్వుతూ.

ఆమె చెప్పింది కెమిస్ట్రీ, ఆయనకు వినిపించింది మతం. ఒళ్ళు మండిపోయినా, సంతకం గుర్తొచ్చి ప్రింటర్ ఆన్ చేసింది. స్ట్రిప్పులు లేతపసుపు రంగులో బయటికొచ్చాయి. మళ్ళీ కొడతానంటే, "కారొచ్చేసింది, పద" అన్నారు.

చెరువు గట్టు మీద విలేకరులు కూడా ఉన్నారు. పల్లంరాజు గారు ఆ ఉదయమే చెరువులో సున్నం చల్లించారు. ఆశాజ్యోతి స్ట్రిప్పు ముంచింది. గీతేమిటి, స్ట్రిప్పంతా ఎర్రగా అయిపోయింది.

"గీత ఎర్రబడితే తెగులన్నారు. అంతా ఎర్రబడితే ఏంటండీ?" పల్లంరాజు గారు స్ట్రిప్పు లాక్కుని చూశారు.

"తెగులు కాదండి, పసుపండి! సున్నం తగిలి ఎర్రబడింది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు కలుపుతారు కదండీ, అలాగ!"

"నా చెరువులో పసుపెక్కడిదమ్మా?"

ఆమె సుధాకర్ గారి వైపు చూసింది. ఆయన కెమెరా వైపు చూశారు. "పాపం, పిల్ల కంగారుపడుతోంది. స్ట్రిప్పు అబద్ధం చెప్పదండి," అన్నారు.

రొయ్యలు చచ్చేలోపే అమ్మేయాలని పల్లంరాజు గారు ఇక ఆగలేదు. వలలు దిగాయి, లారీలు వచ్చాయి. అదను చూసి వ్యాపారి సగం ధరకే ఎత్తుకుపోయాడు. పల్లంరాజు గారి భార్య గట్టు మీద కూలబడి ఏడుస్తుంటే, ఆశాజ్యోతికి తన చదువు మీదే అసహ్యం వేసింది.

వారం తిరక్కుండా చుట్టుపక్కల చెరువులన్నిటికీ నిజంగానే తెల్లమచ్చ సోకింది. రొయ్యలు తెల్లారేసరికి తేలిపోయాయి. సగం ధరైనా కళ్ళజూసింది పల్లంరాజు గారొక్కరే. ఆయన పూలదండతో కాలేజీకొచ్చి, సుధాకర్ గారి మెడలో వేశారు.

"ఆ స్ట్రిప్పు తెగులును పట్టుకోలేదండి. కాకతాళీయం," అంది ఆశాజ్యోతి, ఉండబట్టలేక.

"నన్ను నిలబెట్టిన దాన్ని తప్పంటావేంటమ్మా?" పల్లంరాజు గారు నొచ్చుకున్నారు.

ఆమె ప్రింటర్ శుభ్రం చేసి మళ్ళీ స్ట్రిప్పులు కొట్టేసరికి తెగులు సోకిన చెరువులన్నీ ఎండగట్టేశారు. మందు కొట్టించి కొత్త నీళ్ళు పెట్టిన పల్లంరాజు గారి చెరువులో ముంచితే అవి తెల్లగానే ఉన్నాయి. తెగులు లేదు కనుక అదే సరైన జవాబు. పల్లంరాజు గారు మాత్రం పెదవి విరిచారు. "మొదటి దాంట్లో ఉన్న పవర్ దీంట్లో లేదండి."

"విన్నావుగా. మొదటి ఫలితం మళ్ళీ తెప్పించు, సంతకం పెడతాను," అన్నారు సుధాకర్ గారు.

నిజం చెప్పే స్ట్రిప్పు ఆశాజ్యోతి దగ్గర సిద్ధంగానే ఉంది; దాన్ని నమ్మించడానికి ఎవరిదో ఒక చెరువు చావాలి, అంతే.