ఉబ్బని గంజిపొడి

ఆ ఉదయం గంజి మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం చేయాలి, తెల్లకోటు తొడుక్కోవాలి, పరిశోధనశాలకు వెళ్లి, కమిటీ వాళ్లు తన ప్రాజెక్టు మూసేస్తుంటే ఏడవకుండా కూర్చోవాలి.

పిండిపదార్థాల మీద పరిశోధన చేస్తుంది కాబట్టి ఆఫీసులో అందరికీ ఆవిడ గంజి మేడమే. మొక్కజొన్న గంజిలోని పొడవాటి గొలుసులకు మరో రసాయనపు గొలుసులు అతికించి, తన బరువుకు వందల రెట్లు నీళ్లు తాగే పొడి తయారు చేయాలన్నది ఆవిడ పట్టుదల. మొక్కల మొదట్లో కాస్త వేస్తే ఎండాకాలం గట్టెక్కుతాయి. కానీ ఆ పొడి శుద్ధజలంలో వేసిన ప్రతిసారీ నాలుగు గుక్కలు తాగి మొహం తిప్పేసుకునేది. గొలుసులు చక్కగా అతుక్కున్నాయని ప్రతి యంత్రమూ చెప్పింది. పొడి మాత్రం ఉబ్బలేదు.

ఆఖరుసారి చేసిన పొడిని పారేయడానికి చేతులు రాక, ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఇంటికి తెచ్చుకుంది. బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన పెట్టింది.

ఆవిడ భర్త బ్యాంకు ఉద్యోగి, మెత్తని మనిషి. భార్యకు గడ్డురోజని ఆ పూట సెలవు పెట్టాడు. ఆవిడ స్నానానికి వెళ్లగానే తెల్లకోటు మెషీన్‌లో వేసి, పక్కనున్న డబ్బాలోంచి పొడి తీసి ఉదారంగా పోశాడు. మీట నొక్కి కాఫీ పెట్టుకోవడానికి వెళ్లాడు.

మెషీన్ రెండు తిప్పులు తిరిగి మూలగడం మొదలుపెట్టింది. బాల్కనీలో పేపరు చదువుకుంటున్న అత్తగారు కళ్లజోడు సవరించుకుని చూసింది. మూత తనంతట తానే పైకి లేస్తోంది.

"ఒరేయ్, ఇలా రా! నీ మెషీన్‌కి నెలలు నిండినట్టున్నాయిరా!"

కొడుకు పరుగెత్తుకొచ్చి మూత తీశాడు. లోపల నీళ్లు లేవు, నురగా లేదు. అంచు దాకా గాజుముక్కల్లా మెరుస్తూ, వణుకుతూ ఏదో ఉంది. దాని నడుమ కోటు చెయ్యి ఒకటి సాయం అడుగుతున్నట్టు పైకి లేచి ఉంది.

"సబ్బు ఎక్కువైందమ్మా, అంతే. నీళ్లు పోస్తే పోతుంది."

నీళ్లు పోశాడు. పోలేదు, పెరిగింది. బకెట్టుతో ఎత్తి బాల్కనీ తూములో గుమ్మరించాడు. దిగకపోతే గొట్టం పెట్టి మరిన్ని నీళ్లు వదిలాడు. ఆ తూమూ, స్నానాలగది తూమూ ఒకే పైపులో కలుస్తాయన్న సంగతి కాసేపటికి లోపలి కేకతో తెలిసింది.

"ఏమండీ! నా కాలికేదో తగిలింది!"

"ఏం తగిలింది?"

"చల్లగా, మెత్తగా ఉంది! తూములోంచి పైకి వస్తోంది!"

"కప్పేమోనే అమ్మాయ్!" అంది అత్తగారు.

"కప్పయితే కప్పని చెప్పనా అత్తయ్యా!"

అంతలో వీధితలుపు దబదబా మోగింది. కింది వాటాలో ఉండే రిటైరైన మేజరుగారు, సగం గడ్డం గీసుకుని, సగం నురగతో నిలబడి ఉన్నారు. నెత్తిమీద ఒక పారదర్శకమైన ముద్ద వణుకుతోంది.

"మీ పైపు అతుకు ఊడి ఇది నా మీద పడింది. ప్రాణమున్నదా, లేనిదా? ముందు అది చెప్పండి."

తలకు తువ్వాలు చుట్టుకుని గంజి మేడమ్ బయటికొచ్చింది. మేజరుగారి నెత్తి చూసింది, మెషీన్ చూసింది, డబ్బా చూసింది.

"ఇందులోది ఎంత వేశారు?"

"రెండు గరిటెలు." భర్త ఓ అడుగు వెనక్కి వేశాడు. "కావాలని కాదోయ్... బట్టల సబ్బనుకుని..."

"రెండే రెండు గరిటెలా? మెషీన్ నిండా నీళ్లు తాగిందా?"

కళ్లు తేలేసి, ఆ ముద్దల మధ్యే నేలమీద చతికిలబడింది. అత్తగారు గుండెలు బాదుకుంది. "పిల్లకి మతి పోయిందిరా, నీ మూలంగా!"

"మతి సంగతి తరవాత," అన్నారు మేజరుగారు. "నా స్నానాలగది నిండుతోంది."

ఆ మాటతో ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "ఉప్పు! ఇంట్లో ఉన్న ఉప్పంతా పట్రండి!"

వంటింటి ఉప్పుడబ్బాలో ఉన్నదీ, అటకమీది పొట్లాలూ అన్నీ తూముల్లో కుమ్మరించారు. ముద్దలు నీరుగారి, కుంగి, పలచబడ్డాయి. పైపు గుడగుడమని పెద్ద గుటక వేసింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఒక్క గంజి మేడమ్ తప్ప. ఆవిడ తూము ముందు వంగి, అడుగున మిగిలిన నీరసపు జావను దయ్యాన్ని చూసినట్టు చూస్తోంది.

"ఏమండీ, రోజూ నా బీకరులో కనిపించేది ఇదే!"

"అంటే?"

"అంటే మా ల్యాబు నీళ్లలో ఉప్పుంది!"

తడి జుట్టుతోనే, కోటు లేకుండానే, మిగిలిన పొడి డబ్బా చంకనపెట్టి, ఇంటి నీళ్లు ఒక సీసాలో పట్టుకుని పరుగు తీసింది. కమిటీ వాళ్లు అప్పటికే సంతాపసభకు వచ్చినవాళ్లలా కూర్చున్నారు. రెండు గాజుగ్లాసుల్లో చెంచాడేసి పొడి వేసింది. ఒకదాంట్లో ల్యాబు శుద్ధజలం, రెండోదాంట్లో ఇంటి నీళ్లు పోసింది. మొదటిది జావలా అడుగున పడుకుంది. రెండోదాన్ని కాసేపాగి పెద్దాయన ఒకరి కాగితాల మీద బోర్లించింది. ఆయన కెవ్వుమన్నాడు. చుక్క కూడా కారలేదు.

"పొడిని అన్ని పరీక్షలూ చేశాం సార్. నీళ్లని మాత్రం ఎవరం అనుమానించలేదు. కావాలంటే నాలుక మీద వేసుకు చూడండి."

ఒక సభ్యుడు ల్యాబు శుద్ధజలంలో వేలు ముంచి నాకాడు. "ఉప్పగా ఉంది!"

స్టోరుకీపరు గొట్టాల వెంట వెతుక్కుంటూ వెళ్లి, పాలిపోయిన మొహంతో తిరిగొచ్చాడు. నీటి కాఠిన్యం పోగొట్టే యంత్రాన్ని కడిగిన ఉప్పునీళ్లు, గొట్టం మారి, తిన్నగా శుద్ధజలం తొట్టిలోకే వెళ్తున్నాయట.

హాలంతా చప్పట్లు మోగాయి. పరిశోధనశాల డైరెక్టరుగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. తన ముందున్న మంచినీళ్ల సీసావంక అదోలా చూస్తున్నారు.

"నేను తాగేది ఈ శుద్ధజలమే," అన్నారు మెల్లగా. "శుద్ధంగా ఉంటే రుచి ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను."

సీసాను వేలితో దూరంగా జరిపారు.

"బీపీ దిగడం లేదు, ఉప్పు మానేయమన్నాడు డాక్టరు. మానేశాను. అయినా దిగలేదు. మా ఆవిడే దొంగచాటుగా కూరల్లో వేస్తోందని నానామాటలూ అన్నాను. అలిగి పుట్టింటికి వెళ్లిపోయింది."

పరిశోధనకు కమిటీ ఇంకో ఏడాది గడువు ఇచ్చింది. డైరెక్టరుగారికి ఇంట్లో ఎంత గడువు దొరికిందో ఆఫీసులో ఎవరూ అడగలేదు.