సత్ప్రవర్తన గల జీవరత్నం గారు

మనిషి మంచిదో చెడ్డదో పైనున్న దేవుడు తేల్చేలోగా గెజిటెడ్ ఆఫీసరు తేల్చాలని ప్రభుత్వం ఏనాడో నిర్ణయించింది. (దేవుడి దగ్గర పచ్చసిరా ఉండదు.)

బెజవాడలో జీవరత్నం గారిని ఎరగనివారు లేరు. భర్త పోయాక మూల కూర్చోకుండా కారు నేర్చుకుంది. క్లబ్బులో మగవాళ్లతో పేకాడేది, పైగా గెలిచేది. గవర్నరుపేటలో ఆవిడ గ్లాసెడు సోడా తాగితే, ఆ కబురు బస్సెక్కి ఉయ్యూరు చేరేసరికి బీరు సీసా, పామర్రులో దిగేసరికి సారా పీపా అయ్యేది. ఆవిడ ఏనాడూ కాదనలేదు. "పోనీలెండి, ఊరికి కాలక్షేపం" అనేది.

డెబ్భై ఆరులో మాత్రం ఆ పేరు మెడకు చుట్టుకుంది. తల్లీతండ్రీ లేని అక్క కూతురు తెరేసమ్మకు నర్సింగు సీటొచ్చింది. గార్డియన్‌ సత్ప్రవర్తన సర్టిఫికెట్ సోమవారానికల్లా ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. తన మూలంగా పిల్ల బతుకు పాడవుతుందేమోనని జీవరత్నం గారికి మొదటిసారి భయం వేసింది.

సర్టిఫికెట్లో ఉండేది ఒక్కటే వాక్యం: "ఈమెను నేను స్వయంగా ఎరుగుదును, నడవడి మంచిది." చిక్కల్లా అక్కడే. ఎరిగిన ఆఫీసర్లు ఎరుగుదుమని రాయలేరు (భార్యలకు చదువొచ్చు). ఎరగని ఆఫీసరు జిల్లాలో లేడు. ప్రతి శనివారం ఆవిడింట్లో రొయ్యల వేపుడు తినే ఇంజనీరు సొలొమోను గారు, ప్యూను వింటుండగా, "మీకెవరైనా తెలిసినవాళ్లుంటే వాళ్ల చేత పెట్టించుకోండమ్మా" అని సలహా ఇచ్చారు.

చివరికి అర్జీ సత్ప్రవర్తన ప్రత్యేకాధికారి తిరుపతిరావు గారి బల్ల మీద పడింది. ఆయన నిబంధనల ప్రకారం విచారణ జరిపారు. "ఈమెను నేనెరుగను" అని ఆఫీసర్లందరూ రాసిచ్చారు. ప్రత్యేకాధికారి కూడా తన వంతుగా అదే రాసి, కింద ఇలా తీర్మానించారు: "పట్టణంలోని పెద్దమనుషుల్లో ఒక్కరికీ పరిచయం లేని స్త్రీ కావున, ఈమె శీలం శంకించదగినది కాదు." పచ్చసిరాతో సంతకం, కింద ముద్ర.

ఆదివారం సాయంత్రం కాగితం తనే పట్టుకొచ్చారు. ఇల్లెక్కడని ఎవర్నీ అడగలేదు. కుక్క మొరగలేదు. వరండాలో తన మామూలు పేము కుర్చీ లాక్కుని, కాళ్లు చాపుకుని, "పనైపోయిందండీ రత్నం గారూ! ఐసుందా?" అన్నారు.

జీవరత్నం గారు కాగితం ఆసాంతం చదివింది. జాగ్రత్తగా మడిచి తెరేసమ్మ చేతిలో పెట్టి, పిల్లను లోపలికి పంపింది. అప్పుడు ఆయన్ని ఎగాదిగా చూసి, ఎంతో మర్యాదగా అడిగింది.

"ఎవరండీ తమరు?"