చెల్లెలి డబ్బాలో కార్డు పడిన వైనం

అదిగో! తూర్పు కిటికీ గ్రిల్లులోంచి భాస్కరుడు తన ప్రచండకిరణసహస్రాన్ని సూటిగా ఫ్రిజ్జు తలుపు మీదకి గుమ్మరిస్తుండగా, కింద వీధిలో చెత్తబండి దుందుభిధ్వానం చేసుకుంటూ సాగిపోతుండగా, కాలచక్రం గిర్రున దొర్లి ఫిబ్రవరి పద్నాలుగో గడిలో పడగా, ఆ రెండో అంతస్తు ఫ్లాటులో, పన్నెండు దాకా తరగతిగదీ పన్నెండు దాటితే భోజనశాలా అయ్యే నాలుగు కుర్చీల బల్ల మీద, మహాసంగ్రామం మొదలైపోయింది! ఏనుగులు లేవు, గుర్రాలు లేవు. ఒక ఎర్ర కార్డు, ఒక స్కెచ్ పెన్ను, చెల్లెలి గురించి ఒక్కటంటే ఒక్క మంచి మాట రాయాల్సిన ఒక అక్క. అంతే! చెవులిటు పారేయండి, చెప్తాను!

ఈ ఇంటి పిల్లలు బడికి వెళ్లరు, బడే వీళ్ల ఇంట్లో ఉంటుంది. టీచరు అమ్మ. పక్కగదిలో హెడ్‌ఫోను తగిలించుకుని కంపెనీ కాల్స్ మాట్లాడే నాన్న ఈ బడికి ప్యూను, డ్రిల్లు మాస్టారు, పన్నెండింటికి స్టీలు పళ్లెం మీద గరిటెతో గంట కొట్టే ఘంటానాదధురంధరుడు. స్టూడెంట్లు ఇద్దరే. ఒకరు దశవర్షప్రాయ, పదహారో ఎక్కం పారంగత, జడద్వయశోభిత అయిన అక్క. రెండోది ఆరేళ్ల చెల్లి. దాన్ని ఇంటిల్లిపాదీ పిడుగు అంటారు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు కదా!

"అమ్మా, ప్రేమల పండగంటే పెళ్లి చేసుకునేవాళ్లకి కదా, మనకెందుకే?" అని పొద్దున్నే అక్క ఒక రాయి వేసి చూసింది.

"ఏం, క్లాస్‌మేట్ మీద ప్రేమ ఉండకూడదా? క్లాసులో ప్రతివాళ్లూ ప్రతివాళ్లకీ ఒక కార్డు రాయాలి. అందులో ఒక్క మంచి మాట, నువ్వు కళ్లారా చూసింది. కింద సాక్ష్యం రాయాలి, సైన్సు నోట్సులో రాసినట్టు. పన్నెండింటికి నేనే పైకి చదువుతాను."

"క్లాసులో ఇంకొకళ్లే ఉన్నారు కదమ్మా!"

"అందుకే, ఒక్క కార్డే రాయి. నీ పని ఎంత తేలికో చూడు!"

తేలికా! అక్క గుండెలో ఏం సుడులు తిరుగుతున్నాయో ఆ తల్లికేం తెలుసు? పోయిన ఏడాది ఇదే రోజు, "ఇష్టముంటే రాయండి" అని అమ్మ అంటే, ఇష్టం లేక అక్క రాయలేదు. పిడుగు, కార్డులు పడటానికి మూతకి సందు కోసి పోస్టుడబ్బాగా చేసుకున్న తన చెప్పుల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికింది. బోర్లించి దులిపింది. ఏడుస్తుందేమో అనుకుంటే ఏడవలేదు సరికదా, "పోస్టు లేటైనట్టుంది" అని డబ్బాని మంచం పక్కన పెట్టుకుని, మూడు రోజులు పొద్దున్నే లేచి మూత తీసి చూసింది. ఆ మూత చప్పుడు అక్క చెవుల్లో ఇప్పటికీ టప్‌మని మోగుతూనే ఉంది. ఈసారి ఆ డబ్బా ఖాళీగా ఉండకూడదు! అబద్ధం రాస్తే మాత్రం అమ్మ ఎర్రపెన్ను ఊరుకోదు, "సాక్ష్యం ఏదే?" అని నిలువునా గీత పెడుతుంది.

ఇక చూస్కోండి, నిశితవీక్షణదక్షురాలైన ఆ అక్క నోట్సు తెరిచి, శత్రుశిబిరం మీద నిఘా పెట్టి, చెల్లెలి సద్గుణలేశాన్వేషణలో తలమునకలైపోయింది! తొమ్మిదింబావుకి శత్రువు కొత్త రబ్బరుకి పెన్సిలుతో సొరంగం తవ్వింది. పదింటికి నాన్న టీ కప్పులో పెయింటు బ్రష్షు కడిగింది. పదిన్నరకి బల్ల కిందనుంచి పాకుతూ వచ్చి అక్క మోకాలి మీద మీసాలు గీసింది. పదకొండింటికి, "టీచర్! అక్క నన్నే చూస్తోంది! చూసి ఏదో రాసుకుంటోంది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"నీ గురించే మంచిది వెతుకుతున్నానే తల్లీ!" అని అక్క పళ్లు నూరింది.

"దొరికిందా?"

"దొరికితే ఇంకా ఎందుకు చూస్తాను?"

కార్డు తెల్లగా, అంటే ఎర్రగా, అలాగే ఉంది. పదకొండూ నలభై! అక్క లోలోపల ఘోషించింది: "ఓ లేఖినీ! పదహారో ఎక్కాన్ని అవలీలగా లిఖించిన నీవు, ఒక్క వాక్యం దగ్గర ఇలా నీరుగారిపోతివా! ఓ రక్తవర్ణపత్రమా, నిన్ను రిక్తముగా విడిచి నేనేమొగము పెట్టుకుని ఆ డబ్బాను చూతును!"

సరిగ్గా అప్పుడు, ఆ విషమఘడియలో, వంటింట్లోంచి ఒక వాసన దండెత్తి వచ్చింది. బీట్‌రూట్ కూర! వారానికి నాలుగు రోజులు ఈ ఇంటిని ఏలే లోహితదుంపచక్రవర్తి! అక్క ముక్కు చిట్లించింది. చిట్లించిన ముక్కు అలాగే ఆగిపోయింది. ఎందుకంటే దొరికింది! ఎదురుగానే ఉంది, రోజూ ఉంది! అమ్మ అటు తిరగ్గానే అక్క తన కంచంలో బీట్‌రూట్ అంతా చెల్లి కంచంలోకి తోసేస్తుంది. పెన్సిలు ముట్టుకుంటే పితూరీ చెప్పే పిడుగు, తన వైపు చూస్తే పితూరీ చెప్పే పిడుగు, దీని గురించి ఒక్కసారంటే ఒక్కసారి నోరు విప్పలేదు! కిక్కురుమనకుండా తినేస్తుంది!

మంచి మాటే. నిజమే. సాక్ష్యం కూడా ఉంది. కానీ అమ్మ పైకి చదువుతుందే!

చదివిందా, అక్క పని అయిపోయినట్టే. రేపట్నుంచి ఎవరి దుంప వాళ్లే. వీరుల్లారా, చెప్పండి, ఇంతటి ధర్మసంకటం ఏ రణరంగంలో చూశారు? ఇటు ఖాళీ డబ్బా, అటు నిండు గిన్నె! అక్క పెన్ను ఎత్తింది, దించింది, క్యాపు కొరికింది. పక్కగదిలో నాన్న కుర్చీ కిర్రుమంది. గరిటె చేతిలోకి తీసుకున్న చప్పుడు. ఠంగ్! మొదటి దెబ్బ. అక్క రాయడం మొదలెట్టింది. ఠంగ్! సాక్ష్యం. ఠంగ్! మడత. కుర్చీ తన్నేసి, బ్యాగు మీంచి దూకి, స్కేలు తొక్కి జర్రున జారి, ఆఖరి దెబ్బ ఇంకా మోగుతుండగానే చెల్లెలి డబ్బా సందులోకి కార్డుని బాణంలా దూర్చేసింది!

అమ్మ ముందు అక్క డబ్బా తెరిచింది. పిడుగు రాసింది గట్టిగా చదివింది: "అక్క నా షూ లేసు కట్టింది. సాక్ష్యం: ఇంకా ఊడలేదు." అందరూ వంగి చూశారు. నిజంగానే ఊడలేదు.

తర్వాత పిడుగు డబ్బా. పిడుగు మూత తీసి, లోపలికి చూసి, "ఉంది!" అని ఒక కేక పెట్టింది చూడండి, నాన్న గరిటె కింద పడేశాడు.

అమ్మ చదివింది: "చెల్లి నా బీట్‌రూట్ తినేస్తుంది. ఎవరికీ చెప్పదు. సాక్ష్యం: నిన్న మూడు చెంచాలు, మొన్న నాలుగు."

అమ్మ కార్డు దించింది. "ఏమే చిన్నీ! నీకు బీట్‌రూటంటే ప్రాణం అనుకుని కదే వారానికి నాలుగు సార్లు చేస్తున్నాను!"

"నాకా? యాక్! అక్క తినలేక ఏడుపుమొహం పెడుతుంది కదా, అందుకని."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "అంటే... ఇప్పుడు చెప్పొచ్చనుకుంటా. నాక్కూడా పెద్దగా పడదు."

"మరి మారు వడ్డించుకుని తింటారేమండీ?"

"నువ్వు అంత కష్టపడి తురుముతావు కదా అని."

అమ్మ తురిమి తురిమి ఎర్రబడిన తన అరచేతుల్ని చూసుకుంది. ముగ్గురినీ చూసింది. నవ్వొచ్చేసింది, ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. "నేను మాత్రం ఇష్టంగా తింటున్నానా ఏంటి! పిల్లల ముందు వంక పెట్టకూడదని..."

అయినా వండింది వండినట్టే ఉంది, గిన్నె నిండా పొగలు కక్కుతోంది. అప్పుడు లేచింది అక్క! జడలు వెనక్కి విసిరింది. గరిటె అందుకుని తన కంచంలో తానే వడ్డించుకుంది. "పిడుగూ, నీ కంచం అటు జరుపు. ఇవాళ నాది నేనే తింటాను."

"నీళ్లు తెచ్చిపెట్టనా అక్కా?"

"తే. రెండు గ్లాసులు."

మొదటి చెంచా, ముక్కు మూసుకుని. రెండోది, కళ్లు మూసుకుని. మూడోది, రెండూ మూసుకుని, కుర్చీ చేతిని పట్టుకుని! సమస్తదిక్కులూ వినండి, దిక్పాలకులారా రాసుకోండి! ఫిబ్రవరి పద్నాలుగు, మధ్యాహ్నం పన్నెండూ ఇరవై రెండు నిమిషాలకి, దుర్దమదుంపదర్పభంజని, చెల్లెలి డబ్బా నింపిన ఆ అక్క, మూడు చెంచాల బీట్‌రూట్ కూరని ఎవరి సాయమూ లేకుండా నమిలి, మింగి, మూతి తుడుచుకుంది!