అరుదైన రకం కోటా

దేశంలో నోటి క్యాన్సర్లు ఇకపై పద్ధతి ప్రకారమే రావాలని జాతీయ నోటి కణజాల నమోదు మండలి తీర్మానించింది. నూటికి తొంభై పైచిలుకు పొలుసుల కణాల రకం, మిగిలినవి చిల్లర. (రోగులు సహకరించగలరు.)

ఈ తీర్మానం సంగతి తెలియని ఒక దర్జీకి అంగిలి మీద బఠానీ గింజంత గడ్డ లేచింది. నొప్పి లేదు. నెల రోజులు నాలుకతో తడిమి చూసుకుని, చివరికి భార్య పోరు పడలేక ఆసుపత్రికి వెళ్ళాడు. ముక్క తీసి పరీక్షించిన డాక్టరమ్మ, ఇది లాలాజల గ్రంథిలో పుట్టిన క్యాన్సరని, అరుదైనదని, ఇప్పుడే కోసేస్తే ప్రమాదం తప్పుతుందని చెప్పింది. కోయాలంటే మండలివారి నమోదు నంబరు కావాలి.

నంబర్లిచ్చే కిటికీ దగ్గర గుమాస్తా అడిగాడు.

"పొగాకు అలవాటు?"

"లేదండీ."

"లేదంటే కంప్యూటరు తీసుకోదు. సరదాగానైనా ఒక్కసారి?"

"చిన్నప్పుడు మా బావ ఇస్తే ఒక దమ్ము లాగి, గంటసేపు దగ్గాను."

"చాలు." గుమాస్తా ముఖం వెలిగింది. 'రకం' అనే గడి దగ్గరికొచ్చేసరికి ఆరిపోయింది. "అయ్యో, అరుదైనదా? ఈ ఏడాది కోటా సెప్టెంబరులోనే నిండిపోయిందండీ. జనవరిలో రండి."

దర్జీ భార్య ముందుకొచ్చింది. "కోటా ఏంటి బాబూ? ఆయనేమన్నా లైన్లో నిలబడి తెచ్చుకున్నాడా?"

"కోప్పడకండమ్మా. అడిగిన ప్రతివాళ్ళకీ ఇచ్చుకుంటూ పోతే దాన్ని అరుదని ఎందుకంటారు? మామూలు రకంలో అయితే ఇప్పుడే వేసేస్తా. బోలెడు ఖాళీలు."

దర్జీ మెత్తబడ్డాడు. "పోనీ, వేయించుకుందామా?"

"వైద్యం కూడా ఆ రకానికే చేస్తారు. చొక్కా కొలతలిస్తే మీరు ప్యాంటు కుడతారా?" అంటూ భార్య అతని చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ అంతా విన్నది. జనవరి దాకా ఆగితే గడ్డ ఎముకలోకి పాకుతుందని ఆమెకు తెలుసు. నమోదు నంబరు రాయాల్సిన చోట తన ఫోన్ నంబరు వేసింది. అంకెలు సరిపోయాయి. (ఆమె మీద విచారణ సాగుతోంది.) మర్నాడే ఆపరేషన్ జరిగింది. దర్జీ బతికాడు. మాట కాస్త ముక్కుతో వస్తుంది గాని, కుట్టు తిన్నగానే వస్తోంది.

మొన్న మళ్ళీ పరీక్షకు చీటీ కోసం ఆ కిటికీ దగ్గరికి వెళ్తే గుమాస్తా తెరమీద వెతికి, చెయ్యి కలిపాడు. "మీకసలు జబ్బే రాలేదండీ. అభినందనలు!"

వార్షిక నివేదికలో అరుదైన రకం గీత దాటలేదు. మండలికి ప్రశంసాపత్రం దక్కింది. కోటా నిండాక వచ్చిన మరో నలుగురు మాత్రం గుమాస్తా మాట విని బుద్ధిగా ఇంటికెళ్ళారు. జనవరి మొదటి వారంలోనే నలుగురికీ నంబర్లు ఠంచనుగా సిద్ధమయ్యాయి.

తీసుకోవడానికి ఇద్దరు వచ్చారు.