గద్దలు చూపించిన డాబా

కార్తీక మాసం. గంగాధరరావు ఆ ఉదయం చన్నీళ్ళ స్నానం చేసి, నుదుట మూడు వేళ్ళ విభూతి పెట్టి, ఒక పుణ్యకార్యం తలపెట్టాడు. రైల్వే వాళ్ళ ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో భజన మందిరం పక్కనుండే ఎలీసమ్మ చేపల బుట్టను అక్కణ్ణుంచి లేపించడమే ఆ కార్యం. భజన సంఘానికి ఆయనే పెద్ద. నీచు వాసనకి దేవుడు ముక్కు మూసుకుంటున్నాడని ఏడాదిగా మొత్తుకున్నా వినే నాథుడు లేడు. ఇన్నాళ్ళకు అదృష్టం జీపెక్కి వచ్చింది. ఊరి బయట విమానాల మైదానం వాళ్ళు, గద్దలు విమానాలకు అడ్డొస్తున్నాయనీ, ఊళ్ళో వాటిని మేపేదెవరో తేల్చమనీ ఒక ఆఫీసరును పంపారు. అంతా ఆ చేపలమ్మి వల్లేనని గంగాధరరావు తను వర్క్‌షాపు డ్యూటీలో నేర్చిన హిందీలో చెప్పి, జీపు ముందు సీట్లో కూర్చున్నాడు.

తీరా చూస్తే ఎలీసమ్మ బుట్ట మీద తడి గోనె, గోనె మీద వల. గద్ద మాట అటుంచి ఈగకైనా సందు లేదు. ఆఫీసరు తలెత్తి చూశాడు. గద్దలన్నీ నాలుగు సందుల అవతల గిరగిరా తిరుగుతున్నాయి.

"చలో," అన్నాడు.

జీపు వెనక భజన సంఘం, సంఘం వెనక ఎలీసమ్మ. సందు తిరిగినకొద్దీ గంగాధరరావుకు దారి మరీ తెలిసిన దారిలా తోచింది. జీపు ఆయన క్వార్టరు ముందే ఆగింది. డాబా మీద చాప నిండా ఎండుతున్న నెత్తళ్ళ చేపలు, పక్కన కర్రతో ఆయన భార్య సూర్యకుమారి.

"ఒచ్చినారా! ఈ గద్దల్ని తోల్లేక సస్తన్నాను. కార్తీకం ఎల్లిన మర్నాడికి సేపలుండాలని ఎండెయ్యమన్నది మీరే కదేటి!"

భజన సంఘం మొత్తం ఆయన విభూతి వైపు చూసింది. భూమి చీలితే బాగుండుననుకున్నాడు గంగాధరరావు. తెలుగు రాని ఆఫీసరు మాత్రం, ఆ చేపలెవరివని హిందీలో గద్దించాడు.

"మేరా హై, సాబ్," అంది ఎలీసమ్మ, చేపలు తనవేనంటూ. ఆపైన గంగాధరరావుతో గొంతు తగ్గించి, "ఊరుకోండి బావూ. సంఘం పెద్దోరు, పరువు పోతాది," అంది.

అయితే ఈ రోజే నీ బుట్ట ఎత్తెయ్యమన్నాడు ఆఫీసరు. పొద్దున్న గంగాధరరావు కోరుకున్నది సరిగ్గా ఆ మాటే. అది చెవిన పడగానే ఆయన సిగ్గుతో చితికిపోయాడు.

"నహీ సాబ్! మేరా హై! ఈవిడ దగ్గరే కొన్నాను. ఈవిడ తప్పేటీ లేదు," అని హిందీలో మొదలెట్టి తెలుగులో ఏడ్చినంత పని చేశాడు.

ఆఫీసరు ఎలీసమ్మ బుట్ట జోలికి పోలేదు. ఇకమీదట సెటిల్‌మెంట్‌లో ఏ డాబా మీదా ఎవరూ చేపలు ఎండబెట్టకూడదని మాత్రం హుకుం జారీ చేసి జీపెక్కాడు. ఇంటింటా ఎండుచేపల కూర లేకుండా చేసిన ఖ్యాతి గంగాధరరావుకు దక్కింది.

ఆ తర్వాత విమానాలు క్షేమంగానే ఎగిరాయి. గంగాధరరావే చాన్నాళ్ళు పెరటి గోడ దూకి డ్యూటీకి వెళ్ళాడు.